పదో మనిషి

“రానంటే రాను. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?”

ఎల్కానా గొంతు పెంచలేదు. అతను గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆ మాట వంటింట్లోంచి బయటికి పోకుండా అక్కడే నిలిచిపోయింది.

రాతి మీద పచ్చిమిర్చీ కొత్తిమీరా వెల్లుల్లీ కలిపి జుగ్ పచ్చడి నూరుతున్న హోదాయా చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

“నిన్న అన్నప్పుడు అలసిపోయి ఉన్నావనుకున్నాను. పొద్దున్నకి మనసు మారుతుందనుకున్నాను.”

“పొద్దున్నయింది. మారలేదు.”

“టికెట్లు కొన్నాక, అక్కడ ఇల్లు చూసుకున్నాక, పిల్లకి బడి చూసుకున్నాక చెబుతావా?”

“నేను చూసుకోలేదు. నువ్వు చూసుకున్నావు.”

గట్టు దగ్గర రూమియా జాఖ్నూన్ పిండిని కాగితమంత పలచగా లాగి, వెన్న పూసి, చుడుతోంది. కొడుకు వైపూ తిరగలేదు, కోడలి వైపూ తిరగలేదు. రేపు శనివారం షబ్బాత్, పొయ్యి ముట్టించకూడదు. పొద్దున తినాల్సిన ఆ చుట్టలు ఈ సాయంత్రమే సన్నటి వేడి మీదకి ఎక్కాలి. ఇంట్లో ఏది కూలినా శుక్రవారం నాడు ఆ పని ఆగదు.

“ఒక్కటి చెప్పు ఎల్కానా. పెళ్ళికి ముందే చెప్పానా లేదా, చదువయ్యాక పరిశోధనకి రెండేళ్ళు బయటి దేశం పోవాలని?”

“చెప్పావు.”

“సరే అన్నావా లేదా?”

“అన్నాను. అప్పుడు నాన్న ఉన్నాడు.”



ఎల్కానా తండ్రి యిహ్యే పోయి ఇంకా ఏడాది తిరగలేదు. చక్కెర జబ్బు ముందు కాలివేళ్ళు తీసుకుంది, తర్వాత కాలు తీసుకుంది, చివరికి మనిషినే తీసుకుపోయింది. అప్పట్నుంచి కొడుకు మూడు పూటలా ప్రార్థన మందిరానికి వెళ్ళి, తండ్రి కోసం ఏడాదిపాటు చదవాల్సిన కద్దీష్ ప్రార్థన చదువుతున్నాడు. అది ఒంటరిగా చదివేది కాదు. పదిమంది మగవాళ్ళు కూడి ఆమెన్ అంటేనే అది కద్దీష్. తొమ్మిదిమంది ఏడిస్తే వినబడని దేవుడు కాదు మన దేవుడు. అయినా పదిమందినే అడిగాడు. ఎందుకడిగాడో పెద్దలు చెబుతారు. ఆ చెప్పింది కొందరికి సరిపోతుంది, కొందరికి సరిపోదు.

“ఆ స్కాట్లాండ్ ఊళ్ళో పదిమంది మన యూదులున్నారా?” అన్నాడు ఎల్కానా.

“లేరని నీకూ తెలుసు. రైలెక్కితే పెద్ద ఊళ్ళో ఉన్నారు.”

“పొద్దున ఒక రైలు, మధ్యాహ్నం ఒక రైలు, చీకటిపడ్డాక ఒక రైలు. నీ ప్రయోగశాల ఎలుకలు కూడా చక్రంలో అంత తిరగవు.”

ఇంకో రోజయితే హోదాయాకి నవ్వొచ్చేదే.

“పోనీ, అక్కడి సంగతి వదిలెయ్. ఇక్కడి సంగతేమిటి? మా తాత చేతులతో కట్టిన మందిరం. నాతో కలిపి పదిమందే మిగిలారు. నేను పోతే తొమ్మిది. తొమ్మిదిమందితో ఏం చేస్తారు? తలుపుకి తాళం వేస్తారు. నాన్న కుర్చీ మీద దుమ్ము పడుతుంది.”

“ఈ ముక్క ఆర్నెల్ల కిందట ఎందుకు తోచలేదు?”

“తోచింది. నువ్వు సంతోషంగా ఉన్నావు. చెప్పలేకపోయాను.”

“ఓ పిల్లా,” అంది రూమియా, వెనక్కి తిరక్కుండానే. “ఆ మిరపకాయలని ఇంక వదిలెయ్. అంతకన్నా నూరితే రాయి కూడా మండుతుంది.”

ఎల్కానా తువ్వాలు భుజాన వేసుకుని, షబ్బాత్‌కి ముందు మునకస్నానానికి వెళ్ళిపోయాడు. తలుపు నెమ్మదిగా వేశాడు. విసిరికొట్టి వెళ్ళినా బాగుండేదనిపించింది హోదాయాకి.

ఫోను మోగింది. తనకి డాక్టరేటు ఇప్పించిన ప్రొఫెసర్ గలియా.

“ఆ స్కాట్లాండ్ ప్రొఫెసరు నాకు మళ్ళీ రాశాడు. నీ చోటుకి ఇంకో పిల్ల వరసలో నిలబడి ఉందట. ఈ ఆదివారంకల్లా నీ నోటి మాట కావాలట.”

“ఇంకొక్కసారి వాయిదా అడిగితే?”

“ఫెలోషిప్ వాళ్ళు వాయిదా ఒక్కసారే ఇస్తారు. మీ మామగారి జబ్బప్పుడు దాన్ని వాడేసుకున్నావు. తప్పని అనడంలేదు. వాడేసుకున్నావంటున్నాను, అంతే.”

“పోనీ ఇక్కడే ఎక్కడైనా చేరితే?”

“ఎక్కడో ఎందుకు, నా దగ్గరే ఉండు. జీతమిస్తాను. క్లోమం కణాలకి మేత పెట్టుకుంటూ, జుట్టు నెరిసేదాకా ఉండు. నీ సొంత ప్రయోగశాల అన్న మాట మాత్రం మరిచిపో. మన దగ్గర బయటికి పోయి వచ్చినవాళ్ళనే లోపలికి రానిస్తారు. ఆ రూలు నేను పెట్టలేదు. నేనూ ఆ సందులోంచే దూరి వచ్చాను.”

“మీవారు మీతో వచ్చారు కదా.”

“వచ్చాడు. రెండేళ్ళూ నన్ను తిడుతూ వంట నేర్చుకున్నాడు. తిట్టడం ఇప్పటికీ మానలేదు. కూర మాత్రం బాగా వండుతాడు.” గలియా నవ్వింది. హోదాయా నవ్వలేదని గ్రహించి తనూ ఆగిపోయింది. “చూడు హోదాయా, నాకు దేవుడితో పెద్దగా పరిచయం లేదు. మీ ఇంటి గొడవలో నా మాట చెల్లదు. కానీ నీ చేతుల్లాంటి చేతులు నాకు మళ్ళీ దొరకవు. శుభ షబ్బాత్.”

రూమియా ఆఖరి చుట్టని గిన్నెలో పేర్చింది. వాటి మధ్య గుడ్లు పెట్టి, మూత బిగించింది.

“ఏమంటుంది మీ టీచరు?”

“ఆదివారంకల్లా చెప్పమంటోంది.”

“ఊఁ.” చేతులు కడుక్కుంది. “మీ మామయ్య ఉంటే ఏమనేవాడో తెలుసా? ఆ ఎలుకలకి జాఖ్నూన్ గానీ పెడుతున్నావా, పాపం వాటిక్కూడా చక్కెర పట్టుకుంది అనేవాడు.”

“ప్రతి శుక్రవారం అదే అనేవారు.”

“ప్రతి శుక్రవారం తనే నవ్వుకునేవాడు కూడా.”

ఇద్దరూ నవ్వబోయారు.

“అత్తమ్మా, నేనూ ఎఫ్రాత్ మాత్రమే వెళితే?”

రూమియా గుమ్మంలోంచి బయటికి చూసింది. ఆరేళ్ళ ఎఫ్రాత్ వరండాలో గట్టిగా పాడుకుంటూ బొమ్మకి జడ వేస్తోంది.

“నన్నడిగితే నేనేం చెబుతాను? యెమెన్ నుంచి ఈ దేశానికి మా అమ్మ చంకనెక్కి వచ్చాను. వస్తావా అని నన్నెవరూ అడగలేదు. ఇక్కడ ఉంటావా అనీ అడగలేదు.” చేతులు కొంగుకి తుడుచుకుంది. “ఒక్కటి మాత్రం చెబుతాను. తల్లి ఎక్కడో పిల్ల అక్కడ. నేను బతికుండగా మీ ఇద్దర్నీ విడదీయనివ్వను. నీ కీడు నామీద పడ, ఇంక ఏడవకు. వెళ్ళి మొహం కడుక్కో.”

పెళ్ళయి వచ్చినప్పట్నుంచి అత్తగారు తన పక్షం పలకడం హోదాయా ఎరగదు. ఆ ఒక్క మాట ఆధారంతో లేచింది. స్నానం తర్వాత చేయొచ్చు. ముందు వెళ్ళాల్సిన చోటు ఇంకొకటి ఉంది.

మందిరానికి పెద్ద మోరీ సాలిమ్. మోరీ అంటే గురువు. ఆయన ఇల్లు రెండు వీధుల అవతల. షఆరాయిమ్ పేటలో అప్పటికే కొట్లు మూసేస్తున్నారు. ఆయన వరండాలో కూర్చుని, రేపు ప్రార్థన తర్వాత అందరూ కూడి తినే పళ్ళెం కోసం వేయించిన శనగలూ ఎండుద్రాక్షా కలుపుతున్నాడు. పక్కన వార్తాపత్రిక మీద గింజలు ఆరబోసి ఉన్నాయి.

“రా తల్లీ. ఈ వేళప్పుడు పొయ్యి వదిలి వచ్చావంటే ఇల్లు అంటుకుందా?”

“అంటుకున్నట్టే మోరీ. మిమ్మల్ని ఒకటి అడగడానికి వచ్చాను. ఎల్కానాని వదిలిపెట్టండి.”

ముసలాయన వేళ్ళు శనగల్లో ఆగాయి.

“నేను పట్టుకున్నానా?”

“మందిరానికి తను పదో మనిషినంటున్నాడు. తను పోతే తలుపు మూయాలంటున్నాడు. మీరు పెద్దవారు. మీరు పొమ్మంటే పోతాడు. నేను అంటే పోడు.”

మోరీ సాలిమ్ ఆమె వైపు చూశాడు. తర్వాత వీధి వైపు చూశాడు.

“మీ ఆయన ఇంట్లో ఏం చెప్పాడో నాకు తెలీదు. నన్నేం అడుగుతున్నావో ఆలోచించుకునే అడుగుతున్నావా?”

“ఆలోచించుకునే వచ్చాను. మీరు పొమ్మనరా?”

“అన్నాను.”

“ఏమిటి?”

“మీ మామ పోయిన నెలలోనే అన్నాను. నాయనా, నీ భార్యకి దేవుడు తెలివిచ్చాడు, ఆ తెలివితో మీ నాన్న జబ్బుకే మందు వెతుకుతోంది, వెంట వెళ్ళు అన్నాను. పదో మనిషిని నేను వెతుక్కుంటాను, కొత్త అపార్ట్‌మెంట్లలో కుర్రాళ్ళున్నారు, చెవులు పట్టుకుని లాక్కొస్తాను అన్నాను. పదిమంది దొరకని చోట ధర్మశాస్త్రంలో రోజుకొక అధ్యాయం చదివినా తండ్రి ఆత్మకి మేలే అన్నాను. ఇంకేం చెప్పమంటావు?”

“దానికి తనేమన్నాడు?”

“నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. మోరీ, ఈ మాట మా ఇంట్లో అనకండి అన్నాడు.”

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

“మరి నాకెందుకు చెప్పారు?”

“అడిగావు కనక. అడగనంతసేపు ఊరుకుంటే అది మౌనం. అడిగాక కూడా ఊరుకుంటే అబద్ధం. షబ్బాత్ గుమ్మంలో అబద్ధం నెత్తిన పెట్టుకోలేను.” ఆయన గొంతు తగ్గించాడు. “అలాగని ఇప్పుడే వెళ్ళి అతని మొహాన కొట్టకు తల్లీ. దీపాలు వెలిగించే వేళ.”

హోదాయా ఆ మాట నిలబెట్టింది. ఇంటికి వచ్చి, స్నానం చేసి, దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. ప్రతి వారం ఆ చీకట్లో ఏదో ఒకటి అడిగేది. మామగారి కాలు నిలవాలని అడిగింది, ఆ తర్వాత ప్రాణం నిలవాలని అడిగింది. ఈ సాయంత్రం అడగడానికి ఏమీ తోచలేదు. చేతులు తీసేసరికి ఎఫ్రాత్ ముద్దు కోసం మొహమెత్తి నిలబడి ఉంది.

భోజనాల దగ్గర ఎల్కానా తీయగా పాడాడు. రొట్టె విరిచి ముందు తల్లికీ, తర్వాత ఆమెకీ ఇచ్చాడు. “జుగ్ ఈసారి ఘాటుగా కుదిరింది,” అన్నాడు. “అవును,” అంది హోదాయా. ఆ పూట మొగుడూ పెళ్ళాల మధ్య అంతకు మించి మాట లేదు.

మర్నాడు పొద్దున మందిరంలో ఆడవాళ్ళ వైపు హోదాయా, రూమియా, ఇంకో ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. తెర సన్నటిది. అవతల తలలు లెక్కపెట్టకూడదు. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టడం మనవాళ్ళకి నిషిద్ధం. దానికి పదిమాటల వచనం ఒకటుంది. ఒక్కొక్క మనిషిని చూసి ఒక్కొక్క మాట అనుకుంటే, వచనం పూర్తయితే పదిమంది ఉన్నట్టు. ఎన్ని మాటలు మిగిలితే అంతమంది తక్కువ.

హోదాయా ఎప్పుడూ లెక్కపెట్టి ఎరగదు. ఈ పొద్దు పెదవులు వాటంతటవే కదిలాయి. మోరీ సాలిమ్. ఆయన తమ్ముడు. చెవిటి జెఖర్యా. కంసాలి. ఆ వెనక వరసలో ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చిన గడ్డం రాని పెద్ద కుర్రాడు. మొగుడి దగ్గరికి రాకముందే వచనం అయిపోయింది.

మాటలు అయిపోయాక మిగిలినవాడు ఎల్కానా.

అతను లేచి నిలబడ్డాడు. కద్దీష్ మొదలుపెట్టాడు. రోజుకెన్నిసార్లు చదువుతున్నాడో, ఆ పాత అరమాయిక్ భాష మాటలు అతని నోట్లో నలిగి నునుపు తేలాయి. చావు గురించి ఒక్క మాట ఉండదు అందులో. అంతా దేవుడి పేరు గొప్పదనమే. అతను కళ్ళు గట్టిగా మూసుకుని, మొదటిసారి విన్నవాడికి మల్లే వణుకుతూ చదివాడు. ఆమెన్, అన్నారు అవతలివాళ్ళు. ఆమెన్, అన్నారు ముసలమ్మలు. హోదాయా నోరు తెరిచింది. ఆమెన్ వచ్చింది గానీ అది ఎవరికి చెందిందో ఆమెకే తెలియలేదు.

ఇది నటన కాదు. దానికే భయం వేసింది ఆమెకి. నటనయితే దులిపేసి ఉండేది.

ఇంటికొచ్చి జాఖ్నూన్ తిన్నాక, మధ్యాహ్నం రూమియా నడుం వాల్చింది. ఎఫ్రాత్ పక్కింటి పిల్లలతో ఆడటానికి పోయింది. పెరట్లో నిమ్మచెట్టు కింద ఎల్కానా వచ్చే వారం బడిలో చెప్పాల్సిన పాఠం చూసుకుంటున్నాడు. మగపిల్లల బడిలో అతను బైబిలు చెబుతాడు. హోదాయా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

“ఇవాళ నువ్వు లేకపోయినా పదిమంది ఉన్నారు.”

“చుట్టం వచ్చాడు. రేపు వెళ్ళిపోతాడు.”

“మోరీ సాలిమ్ దగ్గరికి వెళ్ళాను.”

అతను పుస్తకం మూశాడు. మూసిన అట్ట మీద అరచెయ్యి పెట్టాడు.

“ఎప్పుడు?”

“నిన్న. నిన్ను వదిలిపెట్టమని బతిమాలడానికి వెళ్ళాను. సిగ్గులేకుండా ఆ ముసలాయన గుమ్మంలో నిలబడి, నా మొగుణ్ణి నాకివ్వండి అన్నాను.”



“మందిరం మూతపడుతుందన్నావు. మీ తాత కట్టాడన్నావు. ఒక్కటైనా నిజమా?”

“అన్నీ నిజమే.”

“అయితే ఆయన పొమ్మన్న మాట ఎందుకు దాచావు?”

“దాచకపోతే పోవాల్సి వచ్చేది కనక.”

హోదాయా తన చేతుల వైపు చూసుకుంది. నిన్న నూరిన మిరపకాయల మంట వేళ్ళకి ఇంకా ఉంది.

“అక్కడ నీకు ఉద్యోగం దొరకదని భయమా? చెప్పు. అదయితే ఆలోచిద్దాం. అక్కడ నువ్వు ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందనా? గలియా మొగుడు…”

“గలియా మొగుడి కథ నాకు చెప్పకు. విని విని నాకూ వంటొచ్చింది.”

“మరి దేనికి?”

ఎల్కానా పుస్తకం పక్కన పెట్టాడు.

“నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు,” అన్నాడు ఎల్కానా, “సూది వెయ్యాలంటే ఎవర్ని పిలిచేవాడు?”

“నన్ను. నా చెయ్యి నొప్పి పుట్టదని…”

“డాక్టర్లు ఏం చెప్పారో ఎవర్ని అడిగేవాడు?”

“నన్నే. నాకు అర్థమవుతుందని.”

“భోజనాల దగ్గర తన పక్క కుర్చీ ఎవరికి? ‘మా డాక్టరమ్మ’ అని ఊరంతా ఎవర్ని చూపించుకున్నాడు? చివరి రోజు కళ్ళు తెరిచి ఎవరి పేరు పిలిచాడు? నేను చెయ్యి పట్టుకుని ఉన్నాను హోదాయా. నేను అక్కడే చెయ్యి పట్టుకుని ఉన్నాను. ‘హోదాయా ఏది’ అన్నాడు.”

“ఎల్కానా…”

“నీ తప్పని అనడంలేదు. నువ్వు మంచిదానివి. ఆయనకీ నువ్వంటే ప్రాణం. నాకేం మిగిలిందో చెప్పు. ఒక్క కద్దీష్ మిగిలింది. అది కోడలు చదవలేదు, డాక్టరు చదవలేదు. కొడుకే చదవాలి. రోజూ ఆ పదిమంది ముందు నిలబడి ‘మా నాన్న’ అనుకునే ఆ కాస్సేపే ఆయన నాకు తండ్రి. ఏడాది నిండితే అదీ పోతుంది. నిండకముందే వదిలి రమ్మంటున్నావు. నేను రాను.”

ఇన్నేళ్ళలో అతను ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం ఆమె చూడలేదు. లేచి అతని పక్కకి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. అతని దుఃఖం నిజం. ఆ నిజం తన బతుకుకి అడ్డంగా పడుకుని ఉంది. రెండూ ఒకేసారి చూడగలగడం దేవుడిచ్చిన వరమో శిక్షో ఆమెకి తేలలేదు.

“ఏడాది నిండాక వస్తావా?” అంది చివరికి.

“నిండేసరికి నీ చోటు ఇంకొకళ్ళకి పోతుందిగా.”

“నేను ముందు వెళతాను. ఎఫ్రాత్‌ని తీసుకుని వెళతాను. నువ్వు ఏడాది నింపుకుని రా. కద్దీష్ నీది. దాన్ని నేను ముట్టుకోను.”

ఇది ఆమె నిన్న సాయంత్రం నుంచి కూడదీసుకున్న మాట. రాత్రంతా దీన్నే నమ్ముకుని పడుకుంది.

ఎల్కానా తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు.

“నువ్వు వెళ్ళు. నేను ఆపను, ఆపానన్న మాట నాకొద్దు. ఎఫ్రాత్ రాదు.”

“రాదంటే?”

“దాని పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కొత్తదానికి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను పెట్టను. నాన్నా లేక, నువ్వూ లేక, పిల్లా లేక ఆ ఇంట్లో నేను గోడలతో ఆమెన్ అనిపించుకోలేను.”

“అయితే నన్ను ఆపుతున్నట్టే కదా.”

“నువ్వెలా అనుకుంటే అలా.”

“అత్తమ్మ అన్నారు, తల్లి ఎక్కడో పిల్ల అక్కడ అని. నీ తల్లే అంది.”

ఎల్కానా ఇంటి వైపు చూశాడు. పడకగది కిటికీ రెక్కలు దించి ఉన్నాయి. లోపల అలికిడి లేదు.

“అమ్మ అంటుంది,” అన్నాడు. “అమ్మ చాలా అంటుంది.”

పుస్తకం తీసుకుని సాయంత్రం ప్రార్థనకి ముందుగానే వెళ్ళిపోయాడు.

హోదాయా స్టూలు మీద అలాగే కూర్చుంది. నిమ్మచెట్టు నీడ పెరడు దాటి గోడెక్కింది. చదువుకున్న మనసు కనక అలవాటుగా లెక్కలు వేసింది. పిల్లని వదిలి వెళితే ఎఫ్రాత్ ఎనిమిదేళ్ళ పిల్ల అయ్యాక చూస్తుంది. వెళ్ళకపోతే గలియా బల్ల దగ్గర, ఇంకొకరి పేరుతో బయటికొచ్చే పనికి కణాలు పెంచుతుంది. తీసుకుని వెళ్ళే దారి మాత్రం ఒక సంతకం వెనక ఉంది. ఆ సంతకం ఒక చచ్చిపోయిన మనిషి ప్రేమ వెనక ఉంది. ఆ ప్రేమ తను సంపాదించుకున్నదే. ఏ కణాన్ని ఎంత వెలుగులో పెట్టి చూసినా ఇంత చిక్కు చూడలేదు ఆమె.

చుక్కలు కనబడ్డాయి. ఎల్కానా వచ్చాడు. షబ్బాత్‌ని సాగనంపే వేళ నలుగురూ వంటింట్లో నిలబడ్డారు. ఎఫ్రాత్ జడలా అల్లిన కొవ్వొత్తి ఎత్తి పట్టుకుంది. సుగంధద్రవ్యాల డబ్బీ చేతులు మారింది. రూమియా వాసన చూసి, “ఈసారి లవంగాలు తగ్గాయి,” అంది. ఎల్కానా ద్రాక్షసారాయంలో మంట ఆర్పాడు. చిన్నగా చుయ్‌మంది. దాంతో మళ్ళీ వారం మొదలు. ఫోన్లు వెలగొచ్చు, రాత రాయొచ్చు.

“మంచి వారం,” అన్నాడు ఎల్కానా, ఎవరి వైపూ చూడకుండా.

“మంచి వారం,” అన్నారు అందరూ.

హోదాయా ఎఫ్రాత్ పడుకునే గదిలోకి వచ్చింది. రాకెట్లు పడబోతున్నాయని సైరన్ మోగితే ఇంటిల్లిపాదీ దూరేది కూడా ఆ ఇనుప కిటికీ గదిలోకే. సర్దిన పెట్టెలు మంచం కింద ఉన్నాయి. కంప్యూటరు తెరిచింది. స్కాట్లాండ్ ప్రొఫెసరు ఉత్తరం పైనే ఉంది. మర్యాదగా ఉంది, పొడిగా ఉంది. దాని కింద ఖాళీ చోటు. అక్కడ రాయాల్సింది ఒక్క వాక్యం. వస్తున్నాననో, రాలేననో.

వేళ్ళు మీటల మీద పెట్టింది.

తలుపు తోసుకుని ఎఫ్రాత్ వచ్చింది. నిద్రగౌను వేసుకుని, జుట్టు దువ్వించుకుని ఉంది. మామూలుగా అయితే వచ్చి ఒళ్ళో ఎక్కేది. ఇవాళ గుమ్మానికి రెండడుగుల లోపల ఆగి, చేతులు వెనక్కి కట్టుకుంది. మందిరంలో పిల్లలు వచనాలు అప్పగించేటప్పుడు అలాగే నిలబడతారు.

“అమ్మా, నువ్వు వెళ్ళిరా,” అంది. “నేను ఇక్కడే ఉంటాను. ఏడవను. రోజూ ఫోన్లో మాట్లాడతాను. నువ్వు అందరి చక్కెర జబ్బూ తగ్గించి వచ్చెయ్. నేను పెద్దదాన్నయ్యాను.”

ఆఖరి మాట దగ్గర కొంచెం తడబడి, సరిగ్గానే చెప్పానా అన్నట్టు తల్లి మొహం చూసింది.

హోదాయా కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది, పిల్ల కళ్ళకి సమానంగా. ఆ చిన్న భుజాలు పట్టుకుంది.

“ఎవరు చెప్పమన్నారమ్మా నీకు ఇది?”

ఎఫ్రాత్ తల దించుకుంది. కాలి బొటనవేలితో నేల మీద గీసింది.

“ఎవరూ చెప్పమనలేదు అని చెప్పమన్నారు.”

నడవా అవతల వంటింట్లో తల్లీ కొడుకులిద్దరూ ఉన్నారు. అప్పటిదాకా వినబడుతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది.